బొమ్మలు చదువుట చదువు కాదా?

పిల్లవాడు పుస్తకము చేతబట్టి కూర్చుండుట చూచి సంతోషించు పెద్దలే, ఆ పుస్తకము నిండ బొమ్మలున్నవని తెలిసినంతనే మొగము చిట్లించుకొందురు. ఆ బొమ్మలలో ఒక డ్రాగన్ కూడ కనబడినచో ఇక చెప్పనక్కఱలేదు. పాఠము చదువుమన్నచో ఈ మాయలేమి, ఈ మంత్రములేమి యని గద్దించి, పుస్తకమును లాగికొని బల్ల సొరుగులో పెట్టు ఉపాధ్యాయులును లేకపోలేదు. వారి ఆగ్రహము వెనుక పిల్లవాని మేలు కోరుటయే యున్నది గాని ద్వేషము లేదు. అయినను మేలు కోరి చేసిన ప్రతి పనియు మేలే చేయునను నియమము లేదు. కనుక ఆ ఆక్షేపణలో నిజమెంత యున్నదో విమర్శించి చూచుట యావశ్యకము.

ఆక్షేపణ రెండు విధములుగా నున్నది. బొమ్మలు పిల్లవానిని సోమరిని చేయుననుట మొదటిది. కన్ను చూచుచున్నదానిని మనస్సు ఊహింపనక్కఱలేదు గనుక, క్రమముగా మాటలు చదువు శక్తి సన్నగిల్లునని వారి వాదము. మంత్రములు, రాక్షసులు, డ్రాగన్లు నిండిన కథ పిల్లవానిని లోకమునకు దూరము చేసి, నిజమునకు బదులు భ్రమను నేర్పుననుట రెండవది. ఈ రెండును ఊరక వాదించినంతమాత్రమున తేలునవి కావు. ఒక మంచి గ్రంథమును ముందుంచుకొని పరీక్షించినపుడే తేలును. అట్టి పరీక్షకు అమెరికా రచయిత జెఫ్ స్మిత్ తానే వ్రాసి, తానే గీసిన ‘బోన్’ అను చిత్రనవల మిక్కిలి తగినది. నేడు గ్రాఫిక్ నవల యను పేర వ్యవహరింపబడు ప్రక్రియలో, పిల్లలును పెద్దలును సమానముగా ఆదరించిన గ్రంథములలో అది యొకటి.

స్మిత్ 1960లో జన్మించెను. ఒహాయో రాష్ట్రమందలి కొలంబస్ ప్రాంతమున పెరిగెను. ఎముకవలె తెల్లగా, నున్నగా, పెద్ద ముక్కుతో నుండు ‘బోన్’ ఆకారమును ఆయన పసితనముననే కల్పించుకొనెను. విశ్వవిద్యాలయములో చదువుకొను దినములలో అచ్చటి విద్యార్థుల పత్రికలో ఆ పాత్రలతోనే ఒక బొమ్మల ధారావాహికను నడపెను. పిమ్మట 1991లో స్వంతముగా ఒక ప్రచురణ సంస్థను స్థాపించి ‘బోన్’ను చిన్న సంచికలుగా వెలువరింప నారంభించెను. ఆ సంస్థ వ్యవహారభారమును ఆయన భార్య విజయా అయ్యర్ వహించెను. మొత్తము 55 సంచికలు. కథ ముగియునప్పటికి 2004వ సంవత్సరము వచ్చెను. అన్నియు కలిపి ఒకే సంపుటముగా కుట్టినపుడు పుటలు 1,300కు మించెను. మొదట అది నలుపు తెలుపులలో వచ్చినది. 2005 నుండి స్కొలాస్టిక్ అను ప్రసిద్ధ సంస్థ దానిని తొమ్మిది భాగములుగా, స్టీవ్ హమేకర్ దిద్దిన రంగులతో, బాలుర కొఱకు ప్రచురించుటచే పాఠశాల గ్రంథాలయములలో ప్రవేశించినది. పదమూడు సంవత్సరములు ఒక్క కథనే పట్టుకొని గీసినవాని కృషిని ‘బొమ్మల పుస్తకము’ అని ఒక్క మాటతో త్రోసివేయుట న్యాయము కాదు.

కథ యిట్లు సాగును. బోన్‌విల్ అను ఊరినుండి ముగ్గురు దాయాదులు వెడలగొట్టబడుదురు. వారిలో ఫోనీ బోన్ లోభి. వాని కుతంత్రములచేతనే ముగ్గురికిని ఈ దుర్దశ పట్టినది. స్మైలీ బోన్ ఏ విచారమును లేని ఉల్లాసి. ఫోన్ బోన్ సజ్జనుడు, పుస్తకప్రియుడు. ఎడారిలో మిడుతల దండు వారిని విడదీయగా, వేర్వేరు త్రోవల ఒక లోయను చేరుదురు. అచ్చట థార్న్ అను పల్లెపడుచును, ఆమె అవ్వయు ఫోన్ బోన్‌కు ఆశ్రయమిత్తురు. ఆవులతో పోటీపడి కాలినడకను పరుగెత్తి గెలుచు ఆ అవ్వ ఒకప్పటి రాణియనియు, థార్న్ ఆ రాజ్యమునకు వారసురాలనియు క్రమక్రమముగా బయటపడును. ముసుగుదాల్చి కీడు తలపెట్టిన మంత్రగత్తె ఆ రాణికి తోబుట్టువే. వీరందఱి వెనుక మిడుతల ప్రభువను నిరాకారమైన దుష్టశక్తి యున్నది. దానిని తమ రాణి దేహమునందే బంధించి, ఆమెతో కూడ శిలగా మార్చి, లోకమును కాపాడినవి పూర్వకాలపు డ్రాగన్లు. నవ్వులాటగా మొదలైన కథ యుద్ధముగా, రాజ్యధర్మముగా, తుదకు స్నేహితుల ఎడబాటుగా పరిణమించును.

ఇక మొదటి ఆక్షేపణను విచారింతము. చిత్రనవలను చదువుట యనగా బొమ్మలను చూచుట మాత్రమే కాదు. పుటలో చిత్రములు గళ్లుగళ్లుగా నుండును. ఒక గడికిని మఱొక గడికిని నడుమ సన్నని ఖాళీ యుండును. కథలో ఎంతో భాగము ఆ ఖాళీలోనే జరుగును. ఒక ఉదాహరణము. లోయలో మూషికరాక్షసులను క్రూరజంతువులు కలవు. ఎలుక మోము, ఎలుగుబంటి దేహము. అవి తరుముచుండగా ఫోన్ బోన్ కొండ చఱియనుండి దూకి ఒక పలుచని కొమ్మను పట్టుకొని వ్రేలాడును. ఇంత బలహీనమైన కొమ్మమీదికి దూకవలెనన్నచో ఆ జంతువులెంత తెలివిమాలినవై యుండవలెనో యని తనలో తాను ధైర్యము చెప్పుకొనును. మఱుసటి గడిలో ఆ జంతువులు రెండును అదే కొమ్మను కౌగిలించుకొని అతని ప్రక్కనే యుండును! అవి దూకుట ఎచ్చటను చిత్రింపబడలేదు. ఆ దూకుటను పూరించుకొన్నవాడు పాఠకుడే. పూరించుకొన్న క్షణమున నవ్వు పుట్టును. పూరించుకొనలేనివానికి ఆ పుట వట్టి రెండు బొమ్మలు.

మఱొకటి. ఆ లోయలో చలికాలము ఒక్కసారిగా వచ్చిపడునని ఫోన్ బోన్‌తో ఒక పురుగు చెప్పును. ఆకువలె నుండు చిన్న పురుగది. చెప్పిన కొద్దిసేపటికే మంచు అంతయు ఒక్క ముద్దగా, ఒక్క చప్పుడుతో ఆకసమునుండి పడి, చెట్లను, నేలను, ఫోన్ బోన్‌ను కప్పివేయును. ఈ సన్నివేశమును వాక్యములలో వ్రాసినచో రెండు పంక్తులు పట్టును. హాస్యము సగము తగ్గును. ఇచ్చట కాలమును కొలుచునది మాట కాదు, గడియొక్క వైశాల్యము. చిన్న గళ్లు వరుసగా వచ్చినచో కాలము పరుగెత్తును. పుట నిండిన ఒకే చిత్రము వచ్చినచో కాలము నిలిచిపోవును. ఈ మర్మమును ఎవరును చెప్పకుండగనే పిల్లవాడు గ్రహించును. గ్రహించినవాడు సోమరి యెట్లగును?

తెలుగు వ్యాకరణము నేర్చినవారికి అధ్యాహారమను మాట క్రొత్త కాదు. వాక్యములో చెప్పని పదమును సందర్భమునుబట్టి తెచ్చికొని అన్వయించుకొనుట అధ్యాహారము. అలంకారశాస్త్రము చదివినవారికి వ్యంగ్యార్థము క్రొత్త కాదు. వాచ్యము కానిదానిని సహృదయుడు తన మనస్సులో స్ఫురింపజేసికొనుట కావ్యానుభవమునకు ప్రాణమని పూర్వులు నిర్ణయించిరి. చిత్రనవలలోని గళ్ల నడుమ ఖాళీ పిల్లవానిచేత చేయించు పని ఇట్టిదే. అమెరికాలోనే స్కాట్ మెక్‌క్లౌడ్ అను చిత్రకారుడు 1993లో ప్రకటించిన ఒక విమర్శగ్రంథములో ఈ విషయమునే సవిస్తరముగా నిరూపించెను. ఆ గ్రంథమును కూడ ఆయన బొమ్మలలోనే వ్రాయుట విశేషము. పాఠకుడు ఖాళీని పూరించుటయే ఈ కళకు మూలాధారమని ఆయన సిద్ధాంతము. ఆ సిద్ధాంతములోని సారము ఇచ్చటి సాహిత్యోపాధ్యాయులకు చిరపరిచితమైనదే. ఆ శాస్త్రమును బొమ్మలకు అన్వయించి చూడకపోవుటయే లోపము.

బొమ్మలు మాటలకు శత్రువులను భావము కూడ నిలువదు. ‘బోన్’లో పాత్రల మాటలు బుడగలవంటి గీతలలో నుండును. అక్షరము పెద్దదైనచో కేక, చిన్నదైనచో గుసగుస, వంకరపోయినచో వణకు. స్వరమును, ఉద్వేగమును అక్షరరూపమునుండి గ్రహించుట పిల్లవాడు నేర్చుకొనును. వాచకము చదువునపుడు స్వరభేదము లేక ఏకధాటిగా చదువు విద్యార్థులను చూచి విసుగుచెందు ఉపాధ్యాయులకు ఇది చిన్న లాభము కాదు. పైగా అవ్వ మాట ఒక తీరు, ఫోనీ బోన్ మాట మఱొక తీరు, మహాడ్రాగన్ మాట వేఱొక తీరు. ఎవరి మాటయో పేరు చెప్పకుండగనే పోల్చుకొనగలుగుట సంభాషణరచనకు తొలి పాఠము.

ఈ ప్రక్రియ పుట్టుకను తలచుకొన్నచో ఉపాధ్యాయులు గర్వింపవచ్చును. వరుస చిత్రములతో కథ చెప్పు పుస్తకములను ఐరోపాలో మొదట రూపొందించినవారిలో ప్రముఖుడు రొడోల్ఫ్ టోప్ఫెర్. ఆయన 1799లో జెనీవాలో జన్మించి, ఆ నగరముననే పిల్లలకు వసతిపాఠశాల నడపిన బడిపంతులు. తన విద్యార్థులకును, స్నేహితులకును వినోదము కలిగించుటకై ఆయన గీసిన బొమ్మలకథలను వృద్ధుడైన గేటే మహాకవి చూచి మెచ్చుకొనెను. అవి 1830 దశకములో అచ్చుపడినవి. బడిపంతులు తన పిల్లలకొఱకు కల్పించిన కళ బడికి పనికిరాదనుట విపరీతమే గదా!

తెలుగునాటను ఈ పద్ధతి పూర్తిగా అపరిచితము కాదు. తెలంగాణములోని చేర్యాలలో నకాషీ చిత్రకారులు పొడవైన గుడ్డపటముమీద కథాఘట్టములను వరుసగా చిత్రింతురు. కథకులు ఆ పటమును కొంచెము కొంచెముగా విప్పుచు, ఒక్కొక్క ఘట్టమును చూపుచు, కులపురాణములను గానము చేయుట అచ్చటి సంప్రదాయము. విను జనులు ఒక చిత్రమునుండి మఱొక చిత్రమునకు కథను తమ మనస్సులోనే నడపుకొనిరి. వారిని ఎవరును సోమరులనలేదు. పటము గుడ్డమీద నున్నచో సంప్రదాయమనియు, కాగితముమీద నున్నచో కాలహరణమనియు అనుట ఎట్లు పొసగును?

అయినను బొమ్మలకథలపై భయము నిన్నమొన్నటిది కాదు. అమెరికాలో 1954లో ఫ్రెడ్రిక్ వెర్తమ్ అను మానసిక వైద్యుడు ఒక గ్రంథము వ్రాసి, బాలుర నేరప్రవృత్తికి బొమ్మల పత్రికలు కారణమని ప్రచారము చేసెను. ఆ సంవత్సరముననే అచ్చటి సెనేటు ఉపసంఘము విచారణ జరిపెను. ప్రచురణకర్తలు బెదరి, తమకు తామే కఠిన నియమావళిని విధించుకొనిరి. చాలకాలమునకు పిమ్మట, వెర్తమ్ పత్రములు పరిశోధకులకు అందుబాటులోనికి వచ్చినపుడు, కెరోల్ టిల్లీ అను ఆచార్యురాలు వానిని పరిశీలించి 1912 కాదు, ఇటీవల 2012లోనే ఒక వ్యాసము ప్రకటించెను. వెర్తమ్ తన వాదమునకు అనుకూలముగా పిల్లల వాంగ్మూలములను మార్చియు, కలిపియు, విడిచియు చూపెనని ఆమె నిరూపించెను. భయము తొందరపడి తీర్పు చెప్పగా, సత్యము నిలకడమీద తెలిసివచ్చుటకు ఏబది సంవత్సరములు దాటెను.

‘బోన్’ కూడ ఆ భయమును తప్పించుకొనలేదు. 2010లో మిన్నెసోటా రాష్ట్రములో, కథలో చుట్ట కాల్చుట, మద్యము, పందెములు ఉన్నవని ఒక తల్లి ఫిర్యాదు చేయగా, పాఠశాలల వారు సమీక్షాసంఘమును నియమించి, పుస్తకమును గ్రంథాలయములో నుంచుటకే నిర్ణయించిరి. 2013వ సంవత్సరమునకు అమెరికా గ్రంథాలయ సంఘము ప్రకటించిన, అధికముగా ఆక్షేపింపబడిన పది పుస్తకముల పట్టికలో ‘బోన్’కు పదవ స్థానము లభించెను. ఆ తల్లి చెప్పినవి పుస్తకములో లేనివి కావు. స్మైలీ బోన్ నోట చుట్ట యుండును. కథలో కల్లంగడివంటి పానశాల యుండును. ఆవుల పందెములో ఫోనీ బోన్ మోసపు జూదము నడపును. కాని ఆ జూదము ఎవరిని బాగుపఱచినది? జూదము తలక్రిందులై ఫోనీ బోన్ ఊరివారికి ఋణపడి, పానశాలలో చాకిరి చేయవలసివచ్చును. దోషమును చూపుట వేఱు, దోషమును మెచ్చుట వేఱు. ఆ భేదము తెలియక పుస్తకమును నిషేధింపబూనినచో, జూదమున రాజ్యమునే పోగొట్టుకొన్న ధర్మరాజు కథను కూడ తరగతిలో చెప్పరాదు.

ఇక రెండవ ఆక్షేపణ. మంత్రములును డ్రాగన్లును పిల్లవానికి భ్రమను నేర్పునా? ‘బోన్’లోని డ్రాగన్ ఎట్టిదో చూడవలెను. అది రెక్కలాడించుచు ఊళ్లు తగులబెట్టు మృగము కాదు. వ్రేలాడు చెవులతో, నిద్రమత్తు కన్నులతో నుండు ఎఱ్ఱని మహాజంతువు. మూషికరాక్షసుల బారినుండి ఫోన్ బోన్‌ను అది కాపాడును. అయినను దానికి నిప్పు కక్కుటయందు తొందరలేదు. ఉన్న శక్తిని అక్కఱకు మించి వాడరాదనుటయే దాని నడవడి చెప్పు నీతి. బలము గలవాడు బలమును చూపకుండుటలోనే గౌరవమున్నదని ఉపన్యాసమిచ్చినచో పిల్లలు ఆవులింతురు. ఆ డ్రాగన్ ఆవులించినచో వారికి బోధపడును.

ఈ గ్రంథములోని నాలుగవ భాగము ప్రత్యేకముగా చెప్పదగినది. లోయలోని జనులకు డ్రాగన్లనిన భయమున్నదని ఫోనీ బోన్ కనిపెట్టును. డ్రాగన్లవలన వారికి కీడు జరిగినది లేదు. అయినను భయమే పెట్టుబడిగా వ్యాపారము చేయవచ్చునని గ్రహించి, డ్రాగన్లను చంపు వీరుడను తానేయని ప్రకటించుకొనును. జనులు నమ్ముదురు. తమ సొమ్ము తెచ్చి వాని ముందు పోయుదురు. వద్దని హితవు చెప్పువారి మాట ఎవరును వినరు. నిజమైన శత్రువులు, అనగా మూషికరాక్షసుల సేనలు, చీకటిలో కూడుకొనుచుండగా, జనులు తమకు రక్షకమైన ప్రాణిని చంపించుటకు సన్నాహములు చేయుదురు. తుదకు డ్రాగన్ నిజముగానే బోనులో చిక్కును. అప్పుడు ఫోనీ బోన్‌కు పారిపోవుటకు దారి యుండదు. చంపి తీరవలెనని జనము పట్టుబట్టును. కల్పిత భయమును అమ్ముకొన్నవాడు ఆ భయమునకే బందీ యగును.

పది పండ్రెండేండ్ల పిల్లవానికి ఇంతకంటె స్పష్టముగా పౌరనీతిని బోధించు పాఠమెద్ది? లేని శత్రువును చూపి ఉన్న సొమ్మును కాజేయువారు ఏ దేశమునను, ఏ కాలమునను కొఱవడరు. పిల్లవాడు పెద్దవాడై అట్టివారిని చూచినపుడు, చిన్ననాడు చదివిన ఆ పానశాలయు, ఆ జనమును, ఆ ఉపన్యాసమును అతనికి జ్ఞప్తికి వచ్చినచో, డ్రాగన్ కథ అతనిని లోకమునకు దూరము చేసినట్లా, దగ్గఱ చేసినట్లా?

ఇంకొక విశేషము. శత్రుజాతియందు పుట్టినవారందఱును చెడ్డవారు కారని ఈ కథ చెప్పును. ఒక మూషికరాక్షసుని పిల్లను స్మైలీ బోన్ చేరదీయును. దానికి బార్టిల్బీ యని పేరు పెట్టుదురు. కథ ముగియునపుడు అది తన జాతివారిని వీడి, స్నేహితులతో బోన్‌విల్‌కు పయనమగును. కీడు మేలులు పుట్టుకనుబట్టి గాక ఎన్నికనుబట్టి ఏర్పడునను ఈ సూత్రము, ప్రహ్లాదుని, విభీషణుని ఎఱిగిన తెలుగు పిల్లలకు కష్టము లేకయే ఒంటబట్టును.

అసలు మాయలు లేని బాల్యము తెలుగువారికి ఎన్నడుండెను? మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలను ముందు పెద్దలును, పిమ్మట పిన్నలును ఆదరించిరి. 1947 జూలైలో మద్రాసునుండి వెలువడిన ‘చందమామ’ లక్షలాది యిండ్లలో చదువు అలవాటు చేసినది. అందులో దాసరి సుబ్రహ్మణ్యంగారు వ్రాసిన ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’ వంటి ధారావాహికలలో మాంత్రికులు, విచిత్రమృగములు, శిథిలనగరములు నిండియుండెడివి. ‘చిత్ర’గారి బొమ్మలు చూచియే మఱుసటి నెల సంచికకై పిల్లలు ఎదురుచూచెడివారు. ఆ పత్రికకు చిరకాలము సంపాదకభారము వహించిన కొడవటిగంటి కుటుంబరావుగారు హేతువాది, శాస్త్రవిషయములయందు అభినివేశము కలవారు. మాయకథ పిల్లవాని బుద్ధిని చెఱచునని ఆయన తలచియుండినచో, అన్ని సంవత్సరములు ఆ పనిని చేసియుండెడివారు కారు. ఆ కథలు చదివి పెరిగినవారు వైద్యులైరి, యంత్రనిపుణులైరి, ఉపాధ్యాయులైరి. మాంత్రికులు మాత్రము కాలేదు.

‘చందమామ’ ఇప్పుడు వెలువడుట లేదు. ఆ కథలతో పెరిగి విదేశములకు వెళ్లిన తెలుగువారి సంతానము నేడు అచ్చటి బడులలో ‘బోన్’ వంటివి చదువుచున్నది. తండ్రి చదివినది మకరదేవత, కుమార్తె చదువునది మహాడ్రాగన్. ఇరువురి నడుమ భాష మారినది గాని, కథకై ఆత్రము మారలేదు. రెండింటికిని భేదమొకటి గలదు. ‘చందమామ’లో కథను నడపునది వాక్యము, బొమ్మ దానికి తోడు. ‘బోన్’లో కథను నడపునది బొమ్మయే, మాట దానికి తోడు. కావుననే రెండవదానిని చదువుటకు వేఱొక శిక్షణ కావలెను.

ఇంత చెప్పినంతమాత్రమున చిత్రనవల సర్వసమర్థమని భావింపరాదు. దానికి హద్దులు కలవు. గీసిన మోము గీసినట్లే యుండును. ప్రతి పాఠకుడును తన నాయికను తానే ఊహించుకొను స్వేచ్ఛ అందులో తక్కువ. పాత్ర మనస్సులోని సన్నని మార్పులను పుటలతరబడి విప్పిచెప్పుటకు మాటయే శరణ్యము. దీర్ఘవాక్యము యొక్క నడక, సమాసము యొక్క బిగువు, పద్యము యొక్క ధార బొమ్మలలో దొరకవు. బొమ్మల నవలలే చదివి మఱేమియు చదువని పిల్లవానికి ఆ సంపద దక్కదు. ఆక్షేపించువారి మాటలో నిజమున్నచో ఇంతమాత్రమే యున్నది. ఒక ఆహారము మంచిదనినంతమాత్రమున అదియే అన్ని పూటలును తినుమని అర్థము కాదు.

ఈ సంగతి స్మిత్‌కు తెలియకపోలేదు. ఆయన నాయకుడు ఫోన్ బోన్ ప్రయాణమంతటను తన సంచిలో ఒక లావుపాటి గ్రంథమును మోయుచుండును. అది హెర్మన్ మెల్విల్ 1851లో ప్రకటించిన ‘మోబీ డిక్’ అను మహానవల. అతడు దానిని ప్రాణముతో సమానముగా ప్రేమించును. అవకాశము దొరికినపుడెల్ల ఎదుటివారికి చదివి వినిపించును. విన్నవారందఱును వెంటనే నిద్రపోవుదురు! ఈ హాస్యములో ఎంత మర్యాద యున్నదో గమనింపవలెను. బొమ్మల నవల తన పాఠకుని చెవిలో, ఇట్టి పెద్ద గ్రంథమొకటి యున్నది, దానిని ప్రేమించువారును ఉన్నారు అని ఊదుచున్నది. పదవయేట నవ్వి విడిచిన పేరు ఇరువదవయేట గ్రంథాలయములో కంటబడినపుడు, ఆ పిల్లవాడు దానిని పాతమిత్రునివలె చేతికి తీసికొనవచ్చును. చదువునకు చదువే వంతెన యగుట ఇట్లే.

కావున ఉపాధ్యాయులు చేయదగిన పని నిషేధము కాదు, ఉపయోగము. మాటలు లేని మూడు గళ్లను చూపి, అందు జరిగినదానిని అయిదు వాక్యములలో వ్రాయుమనవచ్చును. రెండు గళ్లను చూపి, నడుమ జరిగినదేమని అడుగవచ్చును. ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా చెప్పుదురు. ఎవరి సమాధానమునకు బొమ్మలో ఆధారమున్నదో చర్చించినచో అదియే విమర్శకు ఓనమాలు. అవ్వ మాటలను తమ ఊరి అవ్వల పలుకుబడిలో తెలుగు చేయుమనవచ్చును. అనువాదము, మాండలికము, పాత్రోచితభాష అను మూడు పాఠములు ఒక్క గంటలో సాగును. పాఠములోని ఒక పద్యకథను ఎనిమిది గళ్లలో గీయుమన్నచో, ఏ ఘట్టము విడువదగినదో, ఏది విడువరానిదో నిర్ణయింపక తప్పదు. సంగ్రహించుటయనగా అదియే. దీనికి ఖరీదైన పుస్తకములు కూడ అక్కఱలేదు. పాత బాలల పత్రికల బొమ్మలతోను, నల్లబల్లమీద గీసిన గళ్లతోను పని జరుగును.

ఇందు మిక్కిలిగా లాభపడునది తరగతిలో వెనుకబెంచీ పిల్లవాడు. పుట నిండిన అక్షరములను చూచినంతనే గుండె జాఱువాడు, పదిమంది యెదుట చదువుటకు సిగ్గుపడువాడు, నాకు చదువు రాదని తనంతట తానే తీర్పు చెప్పుకొన్నవాడు ప్రతి బడిలోను ఉండును. అట్టివాని చేతికి ఒక నవల మొత్తము చదివి ముగించితినను తృప్తి ఎన్నడును అందియుండదు. చిత్రనవల ఆ తృప్తి నీయగలదు. మొదటి పుటనుండి కడపటి పుటవఱకు ఒక్క పుస్తకమును తానుగా చదివినవాడు రెండవ పుస్తకమును అడుగును. ఆ మొదటి పుస్తకమును లాగికొని సొరుగులో పెట్టినపుడు, రెండవ పుస్తకమును కూడ దానితోపాటే పెట్టినట్లగును.

ఇట్టి సుదీర్ఘ చిత్రనవలలు తెలుగులోనే విరివిగా రావలెనను కోరిక సహజము. చిత్రకారులు తెలుగునాట కొఱవడలేదు; కథలు అంతకంటెను కొఱవడలేదు. కావలసినది ఒక కథకై పది పదమూడేండ్లు వెచ్చించు ఓపికయు, ఆ ఓపికను పోషించు ప్రచురణకర్తలును, వెలువడినదానిని కొని చదువు గృహములును. ఈ మూడింటిలో మొదటి రెండును ఇతరుల చేతిలోనివి. మూడవది మాత్రము బడిలోనే మొదలగును. బొమ్మల పుస్తకమును చదువుచు పట్టుబడిన విద్యార్థిని, చదివినదానిలో ఏమున్నదో చెప్పుమని అడిగి, అతడు చెప్పుచుండగా చివరివఱకు వినిన ఉపాధ్యాయుడు ఆ మొదలు పెట్టినవాడగును.